జైలు నుంచి వచ్చినవాణ్ని బాక్సింగ్‌లో చేర్పించొచ్చా?

కొట్లాట కేసులో చర్లపల్లి జైల్లో ఉన్న మీ తమ్ముడు బయటికొచ్చాక బాక్సింగ్‌లో చేరితే దారిన పడతాడా, ఇంకా ముదురుతాడా అని అడిగారు. చేర్పించండి. పాతబస్తీలో ఒక చిన్న జిమ్‌లో నేర్పుతుంటాను, అలాంటివాళ్లు మా దగ్గరికీ వచ్చారు.

కొట్టడం వాళ్లకు ముందే వచ్చు. దెబ్బ తిని నిలబడటమే రాదు. ఒకడికి మొదటి స్పారింగ్‌లో, అంటే ప్రాక్టీసు బౌట్‌లో, ముక్కు మీద జాబ్ (ముందు చేత్తో కొట్టే సూటి గుద్దు) పడింది. అంతే, మొహానికి అడ్డం పెట్టాల్సిన చేతుల గార్డ్ వదిలేసి తల దించుకుని చేతులు విసురుకుంటూ మీదికెళ్లాడు. అవతల ఉన్నది ఇంటర్ చదివే బక్కపిల్లాడు. తాపీగా పక్కకు జరిగి ఇంకో రెండు తగిలించాడు. కోపమొస్తే ఓడిపోతావురా అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ రెండు దెబ్బలకు ఎక్కింది. మళ్లీ స్కిప్పింగ్‌కీ ఫుట్‌వర్క్‌కీ పంపాను, నోరెత్తలేదు. చేతికి బ్యాండేజ్ చుట్టుకునేటప్పుడు వేళ్ల మధ్య పట్టీ కుదరకపోతే మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. వీడిలో ఓపిక ఉందని నాకు తెలిసింది అప్పుడే.

పేరున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో బెర్నార్డ్ హాప్కిన్స్ దోపిడీ కేసుల్లో దాదాపు ఐదేళ్లు జైల్లో ఉండి 1988లో బయటికొచ్చాడు. మొదటి ప్రొఫెషనల్ బౌట్‌లోనే ఓడిపోయాడు. అయినా వదల్లేదు, 2011లో 46 ఏళ్ల వయసులో ప్రపంచ టైటిల్ గెలిచాడు. థాయ్‌లాండ్ బాక్సర్ అమ్నాత్ రుయెన్‌రోంగ్ జైల్లోనే ఆట నేర్చుకుని 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. అదే దేశంలో డ్రగ్స్ కేసులో శిక్ష పడిన సిరిపోర్న్ అనే ఆమె 2007లో ఖైదీగా ఉంటూనే ప్రపంచ టైటిల్ కొట్టింది.

కానీ గ్లవ్స్ తొడిగితే చాలు, మనిషి మారిపోతాడని నేననను. అమెరికా బాక్సర్ సోనీ లిస్టన్ కూడా జైల్లోనే నేర్చుకున్నాడు. ప్రొఫెషనల్ అయ్యాక 1956లో పోలీసును కొట్టి మళ్లీ లోపలికెళ్లాడు. హెవీవెయిట్ ఛాంపియన్ అయింది 1962లో.

ముందు చెప్పిన మా జిమ్ కుర్రాడు నిలబడింది కూడా సగం ఉద్యోగం వల్లే. జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకులో పని దొరికింది. పొద్దున షిఫ్టు, సాయంత్రం జిమ్. ఇక పాత దోస్తులతో చబుత్రా మీద కూర్చునే తీరిక ఎక్కడిది? జిమ్‌లో చిన్నపిల్లలు ‘అన్నా, ప్యాడ్స్ పట్టవా’ అని వెంటపడుతుంటే ఆ మొహంలో ఎంత గర్వమో చూడాలి. వాడు మెడల్ ఏమీ కొట్టలేదు లెండి.

మీరు చేయాల్సింది చెప్తాను. కేసు సంగతి కోచ్‌కు ముందే చెప్పండి, దాచొద్దు. మొదట్లోనే స్పారింగ్‌కు దింపే చోట చేర్పించకండి. బెయిల్ మీద వస్తున్నాడా, శిక్ష పూర్తయి వస్తున్నాడా మీరు రాయలేదు. బెయిలైతే స్టేషన్‌లో సంతకం పెట్టే రోజులేవో కోచ్‌కు తెలియాలి, పోటీలకు ఊరు దాటే ముందు మీ వకీలును ఒకసారి అడగాలి.