అరిజోనా కొయోటీస్ ఐస్ హాకీ జట్టు యూటాకి తరలిపోయింది ఎడారిలో అభిమానులు లేకనేనా?

కాదండీ. ఎడారిలో అభిమానులు ఉన్నారు. వాళ్ళు ఉన్న వైపు అరీనా లేదు, అంతే. ఈ ప్రశ్న ఎక్కడ కనపడినా నాకు ఒళ్ళు మండుతుంది కాబట్టి జవాబు పొడుగ్గానే ఉంటుంది.

2024 ఏప్రిల్‌లో జట్టు వెళ్ళిపోతోందని వార్త రాగానే మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెద్దలు కూడా తీర్పు చెప్పేశారు: "ఎడారిలో ఐసు మీద ఆటేంటండీ, ఎవడు చూస్తాడు?" అని. వాళ్ళలో ఒక్కరూ ఒక్క మ్యాచ్‌కి వెళ్ళిన పాపాన పోలేదు. వాళ్ళ సంగతి తర్వాత చెప్తాను.

నేనుండేది ఫీనిక్స్ పక్కన టెంపీలో, ఆఫీసు చాండ్లర్‌లో. హాకీ నాకు ఉగ్గుపాలతో వచ్చిందేమీ కాదు. ఆఫీసులో ఎవరో వెళ్ళలేక వదిలేసిన టికెట్లతో మొదటిసారి వెళ్ళాం. అక్టోబరు, బయట ఇంకా ఏసీ లేనిదే కారెక్కలేని ఎండ, లోపలేమో మా ఆవిడ శాలువా కప్పుకుని కూర్చుంది. టీవీలో చూస్తే పక్ (బంతి బదులు వాడే నల్ల రబ్బరు బిళ్ళ) ఎటు పోతోందో తెలీదు గానీ, గాజుకి దగ్గరగా కూర్చుంటే ఆ వేగం, ఆటగాళ్ళు వచ్చి గోడకి గుద్దుకునే ఆ చప్పుడు వేరే. మనవాళ్ళు గోల్ కొడితే అరీనా మొత్తం కొయోటీల్లాగా, అంటే ఇక్కడి ఎడారి తోడేళ్ళలాగా, ఊళ వేస్తుంది. మా ఆవిడా వేసింది. ఇప్పుడడిగితే ఒప్పుకోదు.

తినడానికి మాత్రం శాకాహారికి నాచోస్ తప్ప గతి లేదు. దాని మీద పోసే ఆ పసుప్పచ్చ చీజుకి వాళ్ళు వసూలు చేసే డబ్బులతో మా వీధి చివర గుజరాతీవాళ్ళ దగ్గర ఇంటిల్లిపాదీ తినొచ్చు. సరే, అది వేరే ఏడుపు.

ఇక్కడి భూగోళం తెలియనివాళ్ళకి రెండు మాటలు. ఎన్‌హెచ్‌ఎల్ అనే ఉత్తర అమెరికా హాకీ లీగ్‌లో ఆడే ఈ జట్టు 1996లో కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఫీనిక్స్ వచ్చింది, అక్కడ దాని పేరు జెట్స్. మొదట డౌన్‌టౌన్‌లో సన్స్ బాస్కెట్‌బాల్ జట్టు అరీనాలోనే ఆడేవాళ్ళు. అది బాస్కెట్‌బాల్ కొలతలకి కట్టింది, ఒక వైపు కొన్ని సీట్లలో కూర్చుంటే దగ్గరి గోల్ సరిగ్గా కనపడేదే కాదు. అప్పుడు స్కాట్స్‌డేల్‌లో, పాత లాస్ ఆర్కోస్ మాల్ ఉన్న చోట, కొత్త అరీనా కడదామనుకున్నారు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో ఎవరికైనా వచ్చిన మంచి ఆలోచన అదొక్కటే. టికెట్లు కొనే జనం ఉండేది తూర్పు వైపే: స్కాట్స్‌డేల్, టెంపీ, చాండ్లర్, గిల్బర్ట్. ఆ బేరం కుదరలేదు. అరీనా వెళ్ళి పడమటి కొసన గ్లెండేల్‌లో లేచింది, 2003 డిసెంబరులో తెరిచారు. జట్టు ఆ రోజే పోయిందని నేనంటాను. తర్వాత జరిగిందంతా దినకర్మలే.

మైళ్ళు చెప్తే ఎవరికీ ఎక్కదు గనక ఒక మంగళవారం సాయంత్రం సంగతి చెప్తాను.

2021-22 సీజన్. ఆ ఆగస్టులోనే గ్లెండేల్ నగరం "ఈ సీజన్ అయ్యాక మీకు లీజు లేదు" అని చెప్పేసింది. జట్టేమో మొదటి పదకొండు మ్యాచ్‌ల్లో ఒక్కటీ గెలవలేదు. జట్టు ఎటు పోతుందన్నదే ఆఫీసులో రోజూ చర్చ. మేం నలుగురం ఒకే కారులో బయల్దేరాం. నడిపేది గ్లెండేల్‌లో ఇల్లున్న మా సీనియర్. పక్కన విన్నిపెగ్‌లో పుట్టి పెరిగిన ఆయన. వెనక నేనూ, స్కాట్స్‌డేల్ కుర్రాడూ. వాళ్ళ నాన్నకి జట్టు వచ్చినప్పటి నుంచీ సీజన్ టికెట్లు. కుర్రాడి ఒంటి మీద షేన్ డోన్ 19 నంబరు జెర్సీ. డోన్ అంటే ఇక్కడ మామూలు మాట కాదు. విన్నిపెగ్‌లో మొదలుపెట్టి జట్టుతో పాటే వచ్చి, 2017 దాకా వేరే జట్టు మొహం చూడని కెప్టెన్.

మ్యాచ్ ఏడింటికి. అయిదుంపావుకి కదిలాం. ఐ-10 హైవే మీద బ్రాడ్‌వే మలుపు దగ్గర రోడ్డు పనులు జరుగుతున్నాయని మా సీనియర్ 202 హైవే పట్టుకుని సౌత్ మౌంటెన్ చుట్టూ తిప్పాడు. ఆ రోడ్డు 2019 చివర్లోగానీ తెరవలేదు, అంతకు ముందు ఏళ్ళలో జనం ఎలా వెళ్ళేవాళ్ళో దేవుడికే తెలియాలి. కొండ దాటేదాకా హాయిగానే ఉంది. మళ్ళీ ఐ-10లో కలిసే చోట ఆగిపోయాం. ఎదురుగా పడమటి ఎండ, కళ్ళల్లోకి.

"హ్యూస్టన్ పోతుందంటున్నారు," అన్నాడు కుర్రాడు.

"ఎటైనా పోనీ," అన్నాడు సీనియర్, స్టీరింగ్ మీద వేళ్ళు కొట్టుకుంటూ. "మా నగరం రెండేళ్ళ పాటు ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్లు ఎన్‌హెచ్‌ఎల్‌కి కట్టింది తెలుసా? వాళ్ళ జట్టు మా ఊళ్ళో ఆడినందుకు! అద్దెకున్నవాడికి ఇంటాయనే నెలనెలా ఎదురు డబ్బిచ్చినట్టు. ఆ డబ్బెక్కడిది? నా పన్ను."

"జట్టుండబట్టే కదా అరీనా పక్కన మీ వెస్ట్‌గేట్‌లో హోటళ్ళు నడుస్తున్నాయి?" అన్నాడు కుర్రాడు.

"హోటలువాడు నాకేమైనా పంచుతున్నాడా?"

ముందు సీటాయన అప్పటిదాకా నవ్వుకుంటూ కూర్చున్నాడు. "1995లో మా ఊళ్ళో జెట్స్‌ని కాపాడుకోవాలని వీధుల్లోకి వచ్చాం. చిన్నపిల్లలు కూడా దాచుకున్న చిల్లర తెచ్చి ఇచ్చారు. అయినా మరుసటి ఏడాది మీ ఎడారికి తోలుకొచ్చారు. అప్పుడు మీలో ఎవరైనా మాకోసం బాధపడ్డారా? ఇప్పుడు మీ వంతు."

కుర్రాడికి కోపమొచ్చింది. "2011లో మీరు అట్లాంటా జట్టుని పట్టుకుపోయారుగా! వాళ్ళ పిల్లలు ఏడవలేదా? నీకు జట్టు తిరిగి దొరికింది. నాకు ఎవరి జట్టు తెచ్చిస్తారు?"

దీనికి విన్నిపెగ్ ఆయన దగ్గర జవాబు లేదు. "అట్లాంటావాళ్ళు మ్యాచ్‌లకి రాలేదు," అని గొణిగాడు. ఆ మాటకి నేను అందుకున్నాను. రాలేదు, రాలేదు అంటారేమిటి, ఇప్పుడు టైమెంత? ఆరున్నర దాటింది. మేం నలుగురం డబ్బు పెట్టి టికెట్లు కొన్నవాళ్ళం, వద్దామని బయల్దేరినవాళ్ళం, ఇంకా అరీనా వైపు వెళ్ళే 101 హైవే ఎక్కనే లేదు. రేపు పేపర్లో సగం ఖాళీ సీట్ల ఫొటో వేస్తాడు. ఆ ఖాళీల్లో మా నాలుగు సీట్లూ ఉంటాయి. ఇలా ఈ రోడ్ల మీద ఎన్ని సీట్లు ఇరుక్కుపోయాయో ఎవడైనా లెక్కపెట్టాడా?

మేం లోపలికి అడుగు పెట్టేసరికి ఆటలోని మూడు పీరియడ్లలో మొదటిది అయిపోవచ్చింది, మనవాళ్ళు అప్పటికే వెనకబడ్డారు. చుట్టూ సగం మంది అవతలి జట్టు జెర్సీలు. చలికాలం ఇక్కడ గడపడానికి దిగే కెనడావాళ్ళూ, ఉత్తరాది రాష్ట్రాల రిటైరైనవాళ్ళూ మరి. మన సొంత అరీనాలో మనమే పరాయివాళ్ళం. మళ్ళీ ఆ దారంతా వెనక్కి. మర్నాడు పొద్దున్నే మీటింగ్. సీజన్‌కి సొంతగడ్డ మీద 41 మ్యాచ్‌లు, ఎక్కువ భాగం పనిదినాల్లో. పక్కనే కార్డినల్స్ ఫుట్‌బాల్ స్టేడియం నిండుతోంది కదా అని వాదించేవాళ్ళుంటారు. అది ఏడాదికి ఏ ఎనిమిదో తొమ్మిదో ఆటలు, ఆదివారాలు. తీర్థానికి వెళ్ళినట్టు ఎంత దూరమైనా వెళ్తారు. మంగళవారం రాత్రి వేరు.

ఇక యజమానుల సంగతి. అభిమానుల్ని తిట్టేవాళ్ళు దీన్ని ఎందుకు మర్చిపోతారో నాకర్థం కాదు. 2009 మే నెలలో అప్పటి యజమాని జెర్రీ మోయెస్ జట్టుని దివాలా కోర్టుకి ఎక్కించాడు. బ్లాక్‌బెర్రీ ఫోన్ల కంపెనీ జిమ్ బాల్సిలీ కొనుక్కుని ఒంటారియోలోని హామిల్టన్‌కి తీసుకుపోతానన్నాడు. కోర్టు కుదరదంది. చివరికి 14 కోట్ల డాలర్లకి ఎన్‌హెచ్‌ఎల్లే కొని, 2013 దాకా తనే నడిపింది. ఏ రోజు ఎవరు కొని ఎటు తోలుకుపోతారో తెలియని జట్టుకి ఏ కుటుంబం సీజన్ టికెట్లు కొంటుంది? అయినా 2012లో అదే దిక్కులేని జట్టు వెస్ట్రన్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్తే అరీనా తెల్లబట్టల జనంతో నిండిపోయింది. ఆ తెల్లబట్టల ఆచారం కూడా విన్నిపెగ్ నుంచి జట్టుతో వచ్చిందే, మా ముందు సీటాయన ప్రతిసారీ గుర్తు చేస్తాడు. 2013లో గ్లెండేల్ కౌన్సిల్ 4-3 ఓట్లతో కొత్త యజమానులకి పదిహేనేళ్ళకి 22.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది, రెండేళ్ళు తిరక్కుండానే రద్దు చేస్తామని ఓటేసింది. 2021 డిసెంబరులో పన్ను బకాయిలు కట్టకపోతే గేట్లకి తాళమేస్తామని నోటీసిచ్చింది. ఇందులో అభిమాని చేసిన నేరం ఏమిటో చెప్పండి.

లీజు పోయాక జట్టు మా టెంపీకే వచ్చింది, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ ములెట్ అరీనాకి. హాకీకి నాలుగు వేల ఆరొందల సీట్లు. కాలేజీ పిల్లల అరీనాలో ఎన్‌హెచ్‌ఎల్ జట్టా అని దేశమంతా నవ్వారు. నేను మాత్రం ఇంటి నుంచి పావుగంటలో వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఊళ వేస్తే పైకప్పు అదిరేది. టికెట్ ధర కూడా అదిరేదనుకోండి.

2023 మే 16న టెంపీలో ఓటింగ్. టౌన్ లేక్ దగ్గర పాత చెత్తకుప్ప ఉన్న 46 ఎకరాల్లో అరీనా, హోటళ్ళు, అపార్టుమెంట్లు, మొత్తం 210 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. నగరం ఒప్పుకోవాలా వద్దా అని మూడు ప్రశ్నలు బ్యాలెట్ మీద పెట్టారు. విమానాల దారి కింద ఇళ్ళెలా కడతారని పక్కనున్న ఫీనిక్స్ నగరం కోర్టుకెళ్ళింది. పన్ను రాయితీలెందుకని మా వీధిలో సగం ఇళ్ళ ముందు బోర్డులు. ఒకావిడ మా తలుపు కొట్టి, ప్రాజెక్టుకి ఓటెయ్యమని పది నిమిషాలు చెప్పింది. నేను హెచ్-1బీ మీదున్నాను, నాకు ఓటు లేదమ్మా అన్నాను. ఆవిడ మొహం వాడిపోయింది. ఇన్నేళ్ళుగా ఇక్కడ పన్నులు కడుతున్నాను, అద్దెలో ఇంటాయన ప్రాపర్టీ ట్యాక్సు కూడా నేనే కడుతున్నట్టు లెక్క, గ్రీన్‌కార్డు క్యూలో నా నంబరు నా పిల్లల పెళ్ళిళ్ళనాటికి వస్తుందో రాదో. నా ఊళ్ళో నా జట్టు ఉండాలా వద్దా అంటే నాకు నోరు లేదు. మా గ్లెండేల్ సీనియర్‌కి ఓటుండి ఉంటే ఎటు వేసేవాడో మీకు తెలుసు. 56 శాతం దాకా వద్దన్నారు. మూడు ప్రశ్నలూ ఓడిపోయాయి.

తర్వాతది మీకు తెలిసిందే. 2024 ఏప్రిల్ 17న ఎడ్మంటన్ మీద 5-2తో గెలిచి ఆఖరి ఆట ముగించారు. మర్నాడు లీగ్ ఆమోదం: 120 కోట్ల డాలర్లకి ఆటగాళ్ళు యూటా జాజ్ బాస్కెట్‌బాల్ జట్టు యజమాని ర్యాన్ స్మిత్ చేతికి, సాల్ట్ లేక్ సిటీకి. పేరూ, లోగో, చరిత్రా మాత్రం యజమాని అలెక్స్ మెరుయెలో దగ్గరే ఉంచారు, అయిదేళ్ళలో అరీనా కట్టుకుంటే మళ్ళీ జట్టిస్తామని. అరీనా కోసం ఆయన కొందామనుకున్న ఉత్తర ఫీనిక్స్ ప్రభుత్వ భూమి వేలానికి వారం ముందు రాష్ట్రం ఆ వేలాన్ని ఆపేసింది. ఆయన చేతులెత్తేశాడు.

ఇప్పుడు మన వాట్సాప్ పెద్దల దగ్గరికొద్దాం. వాళ్ళకి నేనొకటే రాశాను: "డెక్కన్ ఛార్జర్స్ ఏమైందండీ? హైదరాబాద్‌లో క్రికెట్ చూసేవాళ్ళు లేకే పోయిందా?" 2009లో కప్పు కొట్టిన జట్టది. యజమాని కంపెనీ అప్పుల్లో మునిగితే 2012 సెప్టెంబరులో బోర్డు ఫ్రాంచైజీనే రద్దు చేసింది. చెన్నై సన్ గ్రూపు వచ్చి సన్‌రైజర్స్ అని కొత్త జట్టు పెట్టింది. ఆ 2009 కప్పు సన్‌రైజర్స్ ఖాతాలో వెయ్యరు, యూటావాళ్ళు కొయోటీస్ రికార్డులు తమవని చెప్పుకోనట్టే. అప్పుడు మనల్ని ఎవరైనా అడిగారా? 2025లో ఫ్రీ పాసుల గొడవలో సన్‌రైజర్సే హైదరాబాద్ వదిలిపోతామని లేఖ రాస్తే ఇదే పెద్దలు గ్రూపులో గుండెలు బాదుకున్నారు. నేను నోరు మెదపలేదు, మా ఆవిడ ఫోన్ లాక్కుంది కాబట్టి.

ఎడారిలో హాకీ మొలవదంటారా, 2016లో డ్రాఫ్ట్‌లో, అంటే లీగ్ జట్లు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, మొట్టమొదట ఎంపికైన ఆస్టన్ మాథ్యూస్ స్కాట్స్‌డేల్‌లో పెరిగినవాడు, చిన్నప్పుడు చూసింది ఈ కొయోటీస్ మ్యాచ్‌లే. డోన్ కొడుకు జోష్ ఇదే ములెట్‌లో కాలేజీ హాకీ ఆడి, జట్టు వెళ్ళిపోయే ముందు వారాల్లో కొయోటీస్ జెర్సీ వేసుకున్నాడు. ఇంతకన్నా ఏం మొలవాలి?

మా కార్‌పూల్ ఇంకా నడుస్తోంది, మ్యాచ్‌లకి కాదు, లంచ్‌కి. కుర్రాడు యూటా ఆట చూడడు, పేరెత్తితే లేచిపోతాడు. నేను చూస్తాను, మన కొయోటీస్‌లో ఆడిన క్లేటన్ కెల్లర్ అక్కడ కెప్టెన్, ఆడే కుర్రాళ్ళలో చాలామంది మనవాళ్ళే. ఇది ద్రోహమని వాడంటాడు. ఆటగాళ్ళేం చేశారురా అని నేనంటాను. విన్నిపెగ్ ఆయన మాత్రం, 1996 తర్వాత తను కూడా రహస్యంగా ఫీనిక్స్ స్కోర్లు చూసుకునేవాణ్ణని ఈమధ్యే బయటపెట్టాడు. కుర్రాడు ఆయనతో కూడా మాట్లాడటం మానేశాడు.