దిద్దిన వ్యాసం వీడియోలో చెబితే?

ప్రశ్న: పర్లాకిమిడిలో తెలుగు చెబుతాను. వ్యాసం పక్కన ఎర్ర సిరాతో ఎంత రాసినా పిల్లలు మార్కు చూసి పుస్తకం మూసేస్తున్నారు. వీడియో తీసి పంపితే వింటారా?
– ఒక ఉపాధ్యాయిని, గజపతి జిల్లా

జవాబు: వింటారమ్మా, మార్కు ముందే చెప్పకపోతే. 1988లో విద్యా మనస్తత్వవేత్త రూత్ బట్లర్ పరిశోధనలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. పక్కన మార్కు చేరితే ఆ లాభం పోయింది.

మీ ముఖం కనబడక్కర్లేదు. పుస్తకాల దొంతర అంచున ఫోన్ పెట్టి, కెమెరా కిందికి తిప్పి, నోట్‌బుక్‌లో ఆ వాక్యం మీదే వేలు పెట్టి మాట్లాడండి. "మహేంద్రతనయ వరద బాగా రాశావురా, కానీ అది చూసిందెవరో చెప్పలేదు" అన్నంత సూటిగా. రెండు మూడు నిమిషాలు చాలు.

గ్రూపులో మాత్రం పెట్టకండి, పిల్లాడు ముడుచుకుపోతాడు. కొండ ఊళ్లలో సిగ్నల్ అందనివాళ్లకు బడిలోనే మీ ఫోన్‌లో చూపించండి. ఆ పేరా తిరగరాసి తెచ్చాకే మార్కు వేయండి.