బిట్‌కాయిన్‌కు ఏ వాలెట్ మంచిది? యాప్ కన్నా ముందు ఆ పన్నెండు పదాలకు చోటు చూడండి

కాయిన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో మీకు రెండు లక్షల రూపాయల దాకా బిట్‌కాయిన్, దానితో పాటు డాలరు విలువకు ముడిపెట్టిన యూఎస్‌డీటీ కొంచెం ఉన్నాయన్నారు. సొంత వాలెట్‌లోకి మార్చుకోవాలనుకుంటున్నారు, అప్పుడప్పుడు ఖర్చు పెట్టుకోవడానికీ వీలుండాలి, ఏది తీసుకోవాలో చెప్పమన్నారు. పేర్లు చెబుతాను. కానీ వాటికన్నా ముందు నాకు జరిగిన నష్టం చెప్పాలి, ఎందుకంటే నేనూ మీలాగే యాప్ పేరు దగ్గరే మొదలుపెట్టాను.

2020 లాక్‌డౌన్‌లో తెనాలిలో ఇంటి నుంచి పని చేస్తున్నప్పుడు ఫోన్‌లో ఒక వాలెట్ వేసుకున్నాను. పన్నెండు ఇంగ్లిష్ పదాలు చూపించి రాసుకోమంది. చేతికందిన పాత నోట్‌బుక్ చివరి పేజీలో రాసి, దాన్ని అటక మీది పుస్తకాల్లో పెట్టేశాను. 2021 భోగికి అమ్మ అటక దులిపి, పనికిరాని పుస్తకాలన్నీ మంటలో వేసింది. అమ్మ తప్పు ఇందులో ఏమీ లేదు. ఆ పేజీలో ఏముందో నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మార్చిలో ఫోన్ మదర్‌బోర్డు పోయింది. తెనాలిలో, విజయవాడలో, చివరికి హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో చూపించాను. ఎవరివల్లా కాలేదు. అందులో ఉన్నది 0.02 బిట్‌కాయిన్, అప్పటి ధరకు ఎనభై వేలకు దగ్గర. ఎక్స్ఛేంజీ నుంచి పంపిన రికార్డులో ఆ అడ్రస్ ఉంది కాబట్టి ఇప్పటికీ బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే ఏ అడ్రస్‌లో ఎంతుందో ఎవరికైనా చూపించే సైట్‌లో, తెరిచి చూడగలను. 0.02 అలాగే ఉంటుంది. దాన్ని ఎవరూ దొంగిలించలేదు, నేనూ తీయలేను.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, కాయిన్లు ఫోన్‌లో ఉండవు. లెక్క అంతా బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఖాతా పుస్తకంలో ఉంటుంది, ఆ లెక్కను కదిలించే తాళంచెవి మాత్రమే వాలెట్ దగ్గర ఉంటుంది. ఆ తాళంచెవికి మనిషి రాసుకోగలిగే రూపమే ఈ పదాలు, సాధారణంగా పన్నెండు లేదా ఇరవై నాలుగు. 2048 పదాల జాబితా ఒకటి ఉంది, చాలా వాలెట్లలో ఇవి అందులోంచే వస్తాయి. పదాలుంటే ఫోన్ పగిలినా, యాప్ మూతపడినా అదే పద్ధతి వాడే ఇంకో వాలెట్‌లో టైపు చేసి డబ్బు తిరిగి తెచ్చుకోవచ్చు. అవి లేకపోతే ఎంత ఖరీదైన వాలెట్ కొన్నా ఆదుకునేవాళ్లుండరు. కాబట్టి నేను అడిగే మొదటి ప్రశ్న: ఆ పదాలను మీరు పదేళ్లు దాచగలరా? అగ్ని, నీళ్లు, ఇల్లు మారడం, ఇంట్లోవాళ్లు సర్దడం, అన్నీ లెక్కలోకి తీసుకుని చెప్పండి.

దాచలేననిపిస్తే ఎక్స్ఛేంజీలోనే ఉంచుకోవడం తప్పేమీ కాదు. ఇరవై ముప్పై వేల లోపు ఉన్నవాళ్లకు నేను అదే చెబుతాను, కాకపోతే ఆ సంస్థ ఆర్థిక శాఖ కింద అనుమానాస్పద లావాదేవీలను గమనించే ఎఫ్‌ఐయూలో నమోదైనదో కాదో చూసుకోమంటాను. రెండు లక్షలంటే వేరే సంగతి. ఎక్స్ఛేంజీలో తాళంచెవి వాళ్ల దగ్గర ఉంటుంది, మీ దగ్గర ఉండేది వాళ్ల మాట. 2014లో జపాన్‌లో మౌంట్ గాక్స్, 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీలు కూలిపోయినప్పుడు జనం దగ్గర మిగిలింది ఆ మాటే. మన దేశంలో 2024 జులై 18న వజీర్ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ వాలెట్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగలు ఎత్తుకుపోయారు. ఆ తర్వాత ఏడాదికి పైగా అక్కడివాళ్లు తమ క్రిప్టోను బయటకు తీసుకోలేకపోయారు. మా ఆఫీసులోనే ఇద్దరు చిక్కుకున్నారు. పిల్లల ఫీజుకని దాచుకున్న డబ్బు అది, వాళ్ల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

అందుకే పెద్ద మొత్తానికి హార్డ్‌వేర్ వాలెట్ కొనమంటాను. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, తాళంచెవి అందులోంచి బయటకు రాదు, కాయిన్ పంపడానికి కావలసిన డిజిటల్ సంతకం లోపలే జరుగుతుంది. కంప్యూటర్‌లో వైరస్ ఉన్నా అడ్రస్‌నూ మొత్తాన్నీ ఆ చిన్న తెర మీద చూసి నొక్కుతారు కాబట్టి మోసం కనిపిస్తుంది. చెక్ కంపెనీ ట్రెజర్ 2014 నుంచి ఉంది, సాఫ్ట్‌వేర్ అంతా బహిరంగంగా పెడుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన లెడ్జర్‌ను వాడేవాళ్లు ఎక్కువ, నడిచే కాయిన్లూ ఎక్కువ. నేను ట్రెజర్ తీసుకున్నాను, ఎనిమిది వేల చిల్లర పడింది. కొనేముందు మీ కాయిన్, అది నడిచే నెట్‌వర్క్ రెండూ ఆ మోడల్‌లో పనిచేస్తాయో లేదో తయారీదారు సైట్‌లో చూసుకోండి. తయారీదారు దగ్గరో, వాళ్లు ఒప్పుకున్న డీలర్ దగ్గరో తప్ప ఇంకెక్కడా కొనొద్దు. సెకండ్ హ్యాండ్ అసలే వద్దు. పెట్టెలో ముందే పదాలు రాసిన కార్డు వచ్చిందంటే అది మోసం, పదాలు మీ ముందు, మీ పరికరం తెర మీదే పుట్టాలి.

2020లో లెడ్జర్ కస్టమర్ల వివరాలు బయటపడ్డాయి. పరికరాలకు ఏమీ కాలేదు, పేర్లు, ఇంటి అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు మాత్రం దొంగల చేతికి వెళ్లాయి. తర్వాత కొందరి ఇళ్లకు పోస్టులో నకిలీ పరికరాలే వచ్చాయి, పాతది మార్చుకోండంటూ ఉత్తరంతో సహా. అలాంటిది ఏది ఇంటికొచ్చినా కంప్యూటర్‌కు పెట్టొద్దు.

పరికరం వచ్చాక నేను చేసినది చెబుతాను, మీరూ చేయండి. ముందు ఐదు వందల రూపాయల బిట్‌కాయిన్ మాత్రమే పంపాను. వచ్చిందని చూసుకుని, పరికరాన్ని పూర్తిగా తుడిచేశాను. అప్పుడు కాగితం మీది పదాలతో మళ్లీ తెరిచాను. ఐదు వందలూ కనిపించాయి. ఆ పని చేసేటప్పుడు చేతులు వణికాయి, నిజం. కానీ ఆ రోజు తర్వాత మిగతాది పంపినప్పుడు నిశ్చింతగా నిద్రపోయాను. రాసుకున్న పదాల్లో ఒక్క అక్షరం తప్పున్నా ఐదు వందల దగ్గరే తెలియాలి, రెండు లక్షల దగ్గర కాదు.

ఇక కాగితం. భోగి తర్వాత నాకు కాగితం మీద నమ్మకం పోయింది. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం కదా, అదే గుర్తొచ్చింది. అయితే స్టీలు సామాన్ల కొట్టుకు తీసుకెళ్లి కొట్టించకూడదు, ఆ పదాలు చూసినవాడు ఎవరైనా డబ్బు తీసుకోగలడు. హార్డ్‌వేర్ కొట్లో అక్షరాల పంచ్‌ల సెట్టు దొరుకుతుంది. అది కొని, మందపాటి స్టీలు రేకు మీద ఇంట్లో కూర్చుని సుత్తితో నేనే కొట్టాను. ప్రతి పదానికి మొదటి నాలుగు అక్షరాలు చాలు. ఆ 2048 పదాల జాబితాలో మొదటి నాలుగు అక్షరాలు ఏ రెంటికీ కలవవు, అలాగే తయారుచేశారు. ఒక రేకు బ్యాంకు లాకరులో ఉంది, ఇంకోటి ఒంగోలులో మా అక్క ఇంట్లో సీలు వేసిన కవరులో ఉంది. కవరులో ఏముందో అక్కకు తెలుసు, నా భార్యకూ తెలుసు. ఏ వాలెట్‌లో ఎలా తెరవాలో తెలుగులో ఒక పేజీ రాసిపెట్టాను, అందులో పదాలు లేవు. నాకేమైనా అయితే వాళ్లు ఎవరి కాళ్లూ పట్టుకోకూడదు.

ఫోటో తీయొద్దు. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టొద్దు. పదాలతో పాటు ఏ వాలెట్‌వో పేరు కూడా రాయండి. ఉదాహరణకు కంప్యూటర్ మీద నాకు బాగా నచ్చిన ఎలక్ట్రమ్ వాలెట్ తన సొంత పద్ధతిలో పదాలు తయారుచేస్తుంది, అవి చాలా వాలెట్లలో తెరుచుకోవు.

ఖర్చు పెట్టడానికి విడిగా ఫోన్‌లో చిన్న వాలెట్ పెట్టుకోండి, జేబులో పర్సులాగా. నేను బిట్‌కాయిన్‌కు బ్లూవాలెట్ వాడతాను, యూఎస్‌డీటీకి ట్రస్ట్ వాలెట్. పర్సులో ఉంచేంతే ఉంచుతాను, ఐదారు వేలకు మించదు. దాని పదాలూ పెద్ద వాలెట్ పదాలూ ఒకటి కాకూడదు. బ్రౌజర్‌లో పనిచేసే మెటామాస్క్ లాంటి వాలెట్‌తో కొత్త సైట్లకు కనెక్ట్ అయ్యే అలవాటుంటే దానికి ఇంకో వాలెట్ పెట్టుకోండి, ఎందుకంటే అక్కడ ఒక్క అనుమతి నొక్కితే టోకెన్లన్నీ తీసుకునే హక్కు అవతలివాడికి పోవచ్చు.

యూఎస్‌డీటీ ట్రాన్, ఇథీరియమ్ లాంటి వేర్వేరు నెట్‌వర్కుల మీద నడుస్తుంది, కాబట్టి నెట్‌వర్క్ చూసుకోవాలి. ట్రాన్ అడ్రస్ టీ అక్షరంతో మొదలవుతుంది, ఇథీరియమ్ అడ్రస్ సున్నా ఎక్స్‌తో. పంపేవాళ్లూ మీరూ ఒకే నెట్‌వర్క్ ఎంచుకోవాలి. టొరంటోలో ఉన్న మా బావమరిది ఒకసారి నాకు ట్రాన్ మీద కొంత పంపాడు. వచ్చింది, కానీ ఫీజుకు కావలసిన టీఆర్ఎక్స్ (ట్రాన్ సొంత కాయిన్) నా దగ్గర ఒక్కటీ లేదు, దాంతో దాన్ని కదిలించలేకపోయాను. అది సంపాదించేదాకా నాలుగు రోజులు చూస్తూ కూర్చున్నాను. కాబట్టి ఫీజుకు కొంచెం ముందే పెట్టుకోండి. అడ్రస్‌ను పాత లావాదేవీల జాబితాలోంచి కాపీ చేయొద్దు, మొదలూ చివరా మీ అడ్రస్‌లా కనిపించే దొంగ అడ్రస్‌ల నుంచి చిల్లర పంపి ఆ జాబితాలో చేరేవాళ్లున్నారు.

మన దేశంలో ఖర్చు గురించి ఒక్క మాట. టీ కొట్టు దగ్గర యూపీఐ ఉండగా బిట్‌కాయిన్ ఎందుకు? నేను డొమైన్ పేర్లకు మాత్రమే కట్టాను, నేమ్‌చీప్ తీసుకుంటుంది. అలా కట్టడం కూడా చట్టం దృష్టిలో కాయిన్‌ను వదిలించుకోవడమే. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద సెస్, ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తగ్గించుకోనివ్వరు. ఎక్స్ఛేంజీలో అమ్మితే 1 శాతం టీడీఎస్ కూడా పోతుంది. ఎప్పుడు ఎంతకు కొన్నారు, ఎప్పుడు ఎంతకు ఖర్చయింది ఒక ఎక్సెల్‌లో రాసుకోండి, రిటర్నులో వీడీఏ (క్రిప్టో లాంటి డిజిటల్ ఆస్తుల) షెడ్యూల్ నింపేటప్పుడు కావాలి. సొంత వాలెట్‌లోకి మార్చుకోవడం అమ్మకం కాదు, కాయిన్ మీ సొంతమే, కానీ ఆ రికార్డూ ఉంచుకోండి.

టెలిగ్రామ్‌లో సపోర్ట్ అంటూ ఎవరైనా చక్కటి తెలుగులో పలకరించి పదాలు అడిగితే అక్కడే బ్లాక్ చేయండి. మా వీధిలో ఒక పెద్దాయన అలాగే ఇచ్చేశారు. ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేటప్పటికి వాలెట్ ఖాళీ. అసలైన కంపెనీ ఏదీ పదాలు అడగదు.

ముందుగా మీ ఎక్స్ఛేంజీ యాప్‌లో బయటి అడ్రస్‌కు పంపే వీలుందో లేదో చూడండి. కొన్నింటిలో కొనడం, అమ్మడం తప్ప అది ఉండదు. ఉంటే విత్‌డ్రా ఫీజు ఎంతో చూసి ఇక్కడ రాయండి, ఒక్కసారిగా పంపాలా విడతలుగానా అని అప్పుడు చెబుతాను. పరికరం కొన్నాక సెటప్‌లో ఎక్కడ ఆగినా అడగండి. పదాలు మాత్రం నాక్కూడా చెప్పొద్దు.