బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు దిగితే అనుమానించాలి

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఇంటర్ చదువుతూ హాస్టల్‌లో ఉంటుంది. పోయిన నెల ఒక రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి అంటే, గ్యాస్ అనుకుని అక్కడివాళ్లు మాత్ర ఇచ్చారు. రెండో రోజు సాయంత్రం ఫోన్ చేసి 'తగ్గిందమ్మా' అంది, మేమూ ఊరుకున్నాం. తెల్లారేసరికి చలిజ్వరం, పొట్ట ఉబ్బరం. అపెండిక్స్ పగిలి చీము పట్టిందని ఆపరేషన్ చేశారు. ఇప్పుడు బాగానే ఉంది. తొమ్మిదేళ్ల మా బాబు కూడా అప్పుడప్పుడూ కడుపు నొప్పి అంటుంటాడు, వాడు పొట్ట పట్టుకుంటే చాలు నాకు టెన్షన్. దీన్ని ముందే గుర్తుపట్టడం ఎలా? పాపకు ఎన్నాళ్లు పథ్యం పెట్టాలి? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. మొదటి కొన్ని గంటలు అపెండిసైటిస్ (అంటే అపెండిక్స్ వాపు) అచ్చం గ్యాస్ నొప్పిలాగే ఉంటుంది, అప్పుడు చూస్తే మేమూ పొరబడతాం. మన పెద్దవాళ్లు దీన్ని 'ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి' అనేవాళ్లు. అలాగని సరిగ్గా 24 గంటలకు పగిలిపోతుందని కాదు. కొందరికి రెండు మూడు రోజులు పట్టొచ్చు, చిన్నపిల్లల్లో అంతకన్నా ముందే పగలొచ్చు.

నొప్పి ఎంత గట్టిగా ఉందని కాదు, ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందని అడగాలి. అపెండిక్స్ అనేది పెద్దపేగు మొదట్లో వేలాడే చిన్న తోక, మన వేలంత ఉంటుంది. దాని నోటికి గట్టిపడ్డ మలం ముక్క అడ్డుపడితేనో, లోపలి గోడ వాస్తేనో ఒత్తిడి పెరుగుతుంది. పేగులో పుట్టిన నొప్పి ఎక్కడిదో మెదడుకు సరిగ్గా తెలియదు, అందుకే మొదట 'ఇక్కడంతా' అంటూ బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పి చూపిస్తారు. వాపు ముదిరి పొట్ట లోపలి పొరకు తగిలాక ఒకే చోట వేలు పెట్టి చూపిస్తారు. బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక ముందు మొన దాకా గీత గీశామనుకోండి, ఆ మొన నుంచి మూడో వంతు దూరంలో ఉంటుంది ఆ చోటు. 1889లో మెక్‌బర్నీ అనే సర్జన్ చెప్పిన గుర్తు ఇది, ఇప్పటికీ మా చెయ్యి ముందు అక్కడికే వెళ్తుంది.

తర్వాత నేను అడిగేది తిండి గురించి. 'బిర్యానీ తెప్పిస్తే తింటావా?' అంటే లేచి కూర్చునే పిల్లాడికి అపెండిసైటిస్ అయ్యే అవకాశం తక్కువ (అస్సలు ఉండదని మాత్రం అనను). ఇందులో చాలామందికి ఆకలి చచ్చిపోతుంది. వాంతులు కూడా నొప్పి వచ్చాకే వస్తాయి. ముందు వాంతులు, విరేచనాలు మొదలై ఆ తర్వాత నొప్పి వస్తే అది తిన్నది పడకపోవడమో, ఇన్ఫెక్షనో కావచ్చు. జ్వరం మొదట్లో 100 అటూ ఇటూ ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు.

ఇంకోటి, ఆటోలో వస్తుంటే ఏమైందో అడుగుతాను. 'స్పీడ్ బ్రేకర్ దగ్గర ప్రాణం పోయింది సార్' అన్నారంటే నా అనుమానం సగం తీరినట్టే. దగ్గినా, కుదుపు తగిలినా నొప్పి పొడుచుకొస్తుంది, అందుకే కదలకుండా, కాలు ముడుచుకుని పడుకుంటారు. కిడ్నీలో రాయి ఉన్నవాళ్లు ఇందుకు పూర్తిగా ఉల్టా, ఒక్కచోట నిలవలేక మెలికలు తిరిగిపోతారు.

ఇక మీ పాప 'తగ్గిందమ్మా' అన్న మాట. మందేమీ సరిగ్గా పడకుండానే నొప్పి ఒక్కసారిగా తగ్గితే అపెండిక్స్ పగిలి లోపలి ఒత్తిడి తగ్గిందేమో అని అనుమానించాలి. కొన్ని గంటల్లో పొట్టంతా గట్టిపడి, జ్వరం పెరిగి, నాడి వేగంగా కొట్టుకుంటుంది. మీ ఇంట్లో జరిగింది ఇదే అనుకుంటాను.

అందరికీ ఇలా పుస్తకంలో రాసినట్టు రాదు. అపెండిక్స్ తోక పెద్దపేగు వెనక్కి తిరిగి ఉంటే నొప్పి నడుము వైపు వస్తుంది, కిందికి వేలాడితే మూత్రంలో మంట, విరేచనాలు కనిపిస్తాయి. గర్భిణుల్లో కాస్త పైకి రావచ్చు, ముసలివాళ్లలో పెద్దగా నొప్పే తెలియకపోవచ్చు. ఆడపిల్లల్లో అండాశయం మెలిపడినా, పెళ్లయినవాళ్లలో ట్యూబులో గర్భం నిలిచినా ఇలాగే కుడివైపు నొప్పి రావచ్చు, అవీ ఎమర్జెన్సీలే. మగపిల్లల్లో వృషణం మెలిపడ్డా పొట్ట కింద నొప్పి అనే చెప్తారు, సిగ్గుతో అసలు చోటు చెప్పరు, కాబట్టి అడిగి తీరాలి. దానికి ఆరు గంటల్లోపు ఆపరేషన్ కావాలి.

ఆరు గంటలు దాటినా వదలని నొప్పి, కుడివైపు దిగిన నొప్పి అయితే ఆముదం గానీ విరేచనాల మందు గానీ పట్టించకండి, పొట్ట రుద్దకండి. బయల్దేరేముందు 'ఖాళీ కడుపుతో ఎలా' అని పాలు తాగించకండి, మత్తు ఇవ్వాల్సొస్తే అదే అడ్డం. స్కానింగ్‌లో 'అపెండిక్స్ కనబడలేదు' అని రాస్తే అది బాగున్నట్టు కాదు, నొప్పి అలాగే ఉంటే మళ్లీ చూపించండి. జామగింజలు, టమాటా గింజలు మింగితే వస్తుందనేది మాత్రం వట్టి భయం, బాబుకు జామకాయ మాన్పించక్కర్లేదు.

ఆ బాబు సంగతి. బొడ్డు దగ్గరే నొప్పి అని, స్కూల్ బస్సు వెళ్లిపోగానే ఆడుకునే పిల్లలు ప్రతి ఇంట్లో ఉంటారు. మలబద్ధకం, నులిపురుగులు కూడా కారణం కావచ్చు, ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపిస్తే చాలు. కానీ నొప్పి బొడ్డుకు దూరంగా ఉన్నా, నిద్రలోంచి లేపినా ఆగొద్దు. నొప్పి అన్నప్పుడు కుడికాలి మీద రెండు గెంతులు వేయమనండి. నవ్వుతూ గెంతితే కాస్త స్థిమితపడొచ్చు, పొట్ట పట్టుకుని కూలబడితే బండి తీయండి.

పాపకు పథ్యం ఇక చాలు. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ తింటే కుట్లు దురదపెడతాయి అని ఇంట్లో పెద్దవాళ్లు అంటూనే ఉంటారు, అయినా పప్పు, గుడ్డు పెట్టండి, గాయం మానడానికి అవే కావాలి. హాస్టల్‌కి వెళ్లేటప్పుడు బియ్యం బస్తాలాంటి ట్రంకుపెట్టె మాత్రం ఇంకో నెల దాకా తనతో మోయించకండి.

- జనరల్ సర్జన్