కాలం ఉందా లేదా అని రాయబోతున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి చేతిలో పెన్సిల్ పెట్టుకుని. ఈ వయసులోనే ఇంత కష్టమైన ప్రశ్న జోలికి వెళ్ళావంటే నాకు నిజంగా సంతోషం. అయితే నువ్వు అడిగింది పొగడ్త కాదు, తప్పులు చెప్పమని. అందుకే నేరుగా విషయానికి వస్తున్నాను.

చిక్కు నీ మొదటి వాక్యంలోనే ఉంది. ‘కాలం ఒక భ్రమ’ అన్నావు. దానికి ఆసరాగా ఐన్‌స్టైన్ మాట తెచ్చావు. గతం, వర్తమానం, భవిష్యత్తు అనే తేడా ఎంత మొండిగా మనల్ని వదలకపోయినా అది భ్రమేనని ఆయన రాసిన మాట నిజమే. కానీ ఎప్పుడు, ఎవరికి రాశాడో చూడు. 1955 మార్చిలో మిషెల్ బెస్సో అనే చిరకాల మిత్రుడు చనిపోతే ఆ కుటుంబానికి రాసిన పరామర్శ ఉత్తరం అది. అప్పటికి ఐన్‌స్టైన్‌కు 76 ఏళ్ళు. నెల తిరక్కుండానే ఆయనా పోయాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళని ఓదార్చడానికి అన్న మాటని నువ్వు ఋజువుగా నిలబెట్టావు. ఇదే ఐన్‌స్టైన్ తత్వవేత్త కార్నాప్‌తో మాట్లాడుతూ ‘ఇప్పుడు’ అనేది తనని బాగా కలవరపెడుతోందని చెప్పాడు. మనిషికి ‘ఇప్పుడు’ అంటే గతానికీ భవిష్యత్తుకీ లేని ప్రత్యేకత ఏదో ఉంది, భౌతికశాస్త్రం దాన్ని పట్టుకోలేదు అన్నది ఆయన బాధ. కార్నాప్ ఆ సంభాషణను తన మేధో ఆత్మకథలో రాసిపెట్టాడు. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ ప్రశ్న ఆయనకే తేలలేదని తెలుస్తుంది.

అసలు సంగతి ఇది. ‘కాలం లేదు’ అన్నప్పుడు నువ్వు లేదంటున్నది దేన్ని? మొదటి పేజీలో కాలప్రవాహం లేదన్నావు. రెండో పేజీకి వచ్చేసరికి అందరికీ ఒకటే అయిన ‘ఇప్పుడు’ లేదన్నావు. మూడో పేజీలో అసలు ముందూ వెనకా అనే క్రమమే లేదన్నావు. ఇవి మూడు వేరువేరు మాటలు. ఒకటి ఒప్పుకున్నంత మాత్రాన మిగతావి ఒప్పుకోవాలని లేదు. నువ్వు మాత్రం ‘కాలం’ అనే ఒక్క సంచిలో మూడింటినీ వేసి మూతి కట్టేశావు. నా సలహా అంతా ఈ ముడి విప్పడం గురించే.

విప్పడానికి తెలుగే నీకు సాయం చేస్తుంది. ‘ముందు’ అనే మాట తీసుకో. ‘ముందు వచ్చిన చెవుల కన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి’ అంటాం. ఇక్కడ ముందు అంటే మునుపు, వెనక అంటే తర్వాత. చెవులు ముందు, కొమ్ములు వెనక. నిన్న చెప్పినా ఇంకో వందేళ్ళకి చెప్పినా ఈ వరస మారదు. అదే మనం ‘ముందుచూపు’ అంటే చూపు రాబోయేదాని మీద. ‘వెనకటి రోజులు’ అంటే గడిచిపోయినవి. అర్థం పూర్తిగా తిరగబడింది, గమనించావా? మొదటి వాడుకలో సంఘటనలు ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడ్డాయి, మనం ఎక్కడున్నామన్నది అక్కర్లేదు. రెండో వాడుకలో మనం మధ్యలో నిలబడి ఒకవైపు చూస్తున్నాం. మనం కదిలితే ‘ముందు’ ఉన్నది ‘వెనక్కి’ పోతుంది.

1908లో మెక్‌టాగర్ట్ అనే కేంబ్రిడ్జి తత్వవేత్త కాలం అసత్యమని వాదించినప్పుడు మొదట చేసిన పని సరిగ్గా ఈ విడదీతే. వరస ఒకటి, చూపు ఒకటి. మార్పు లేనిదే కాలం లేదు. వరసలో మార్పు లేదు, ఎందుకంటే చెవులు ఎప్పటికీ కొమ్ములకు ముందే. మార్పు ఉండాలంటే రాబోయేది వర్తమానం కావాలి, తర్వాత గతం కావాలి. కానీ ప్రతి సంఘటనకూ ఈ మూడు లక్షణాలూ అంటగట్టాలి, అవేమో ఒకదానితో ఒకటి పొసగవు. ‘ఒకేసారి కాదు కదా, ఒకదాని తర్వాత ఒకటి కదా’ అని నువ్వు జవాబిచ్చావు. ఆ జవాబు ఆయనకి ముందే తెలుసు. ‘ఒకేసారి కాదు’ అంటే, ఋజువు చేయాల్సిన కాలాన్ని మళ్ళీ దొడ్డిదారిన లోపలికి తెచ్చినట్టే అన్నాడు. ఆయన వాదన నాకూ పూర్తిగా మింగుడుపడదు. కానీ నువ్వు దాన్ని రెండు లైన్లలో కొట్టిపారేశావు. ఎదుటివాడి వాదనను వాడికన్నా బాగా చెప్పి, అప్పుడు కాదను. ఆ చోట ఇంకో పేజీ రాసినా ఎక్కువ కాదు.

ఇంకో సంగతి, ఇది రచయితగా నీకు పనికొస్తుంది. గతం, భవిష్యత్తు అన్నీ ఒకేలా ఉన్నాయని నమ్మేవాళ్ళకి కాలం అంటని వాక్యం కావాలి. ఇంగ్లీషులో క్రియ లేకుండా వాక్యం నిలవదు కాబట్టి ‘ఈ క్రియని కాలం లేనిదిగా తీసుకోండి’ అని పక్కన విన్నపం పెట్టుకోవాల్సి వస్తుంది. మనకి ఆ అవస్థ లేదు. ‘మెరుపు తర్వాత ఉరుము.’ క్రియ లేదు, కాలం లేదు, వరస మాత్రం ఉంది. పైగా మన వ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అని ఒకటుంది. ‘నీళ్ళు పల్లానికి పారతాయి’ అన్నప్పుడు నిన్నా రేపూ అని లేదు, అది నీళ్ళ స్వభావం. విచిత్రం ఏమిటంటే ‘రేపు వస్తాను’ అన్నా అదే రూపం. స్వభావమూ భవిష్యత్తూ ఒకే క్రియలో కూర్చున్నాయి. దీని మీద నువ్వు ఒక పేరా రాస్తే చదవాలని నాకు ఆశ. అయితే జాగ్రత్త. భాషలో దారి ఉన్నంత మాత్రాన లోకం అలాగే ఉందని తేల్చెయ్యకు. క్రియ లేకుండా వాక్యం రాయగలం కాబట్టి కాలం లేదనడం, నీడ లేకుండా బొమ్మ గీయగలం కాబట్టి వెలుతురు లేదన్నట్టు ఉంటుంది.

సైన్సు భాగం గురించి పెద్దగా చెప్పను, చాలావరకు సరిగానే రాశావు. 1971లో హాఫెలె, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అణుగడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో ప్రపంచం చుట్టూ తిప్పారు. తూర్పుగా వెళ్ళినప్పుడు అవి నేల మీది గడియారాల కన్నా 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా వెళ్ళినప్పుడు 273 నానోసెకన్లు ముందుకెళ్ళాయి (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు). దీన్నిబట్టి ‘కాలం లేదు’ అని రాశావు. అది తప్పు. దీన్నిబట్టి తేలేది, విశ్వమంతటికీ ఒకే గడియారం లేదని. దూరదూరంగా జరిగిన రెండు సంఘటనలు ఒకేసారి జరిగాయా అంటే చూసేవాళ్ళ కదలికను బట్టి జవాబు మారుతుంది. కానీ ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడగలిగితే, అంటే మొదటిదాని నుంచి బయల్దేరిన వెలుతురు రెండోదాన్ని అందుకోగలిగితే, ఆ రెండింటి వరస ఎవరు చూసినా మారదు. బిడ్డ తల్లి కన్నా ముందు పుట్టినట్టు ఏ గడియారమూ చూపించదు. పోయింది ఉమ్మడి ‘ఇప్పుడు’. వరస పోలేదు.

క్వాంటం గురుత్వంలో, అంటే అణువుల లోకాన్ని వివరించే క్వాంటం సిద్ధాంతాన్నీ గురుత్వాకర్షణనీ కలపాలని చూసే శాస్త్రంలో, ఒక ముఖ్యమైన సమీకరణంలో కాలమే కనబడదని కూడా రాశావు. 1960ల్లో వచ్చిన వీలర్–డెవిట్ సమీకరణం సంగతి అది. నిజమే. కానీ లోతుల్లో కనబడనిదంతా అబద్ధం అనకు. ఒక్క అణువుకి ఉష్ణోగ్రత అంటూ ఉండదు. అంతమాత్రాన జ్వరం భ్రమ కాదు.

నీ వ్యాసంలో అసలు లేనిది, ఉండి తీరాల్సింది అగస్టీన్. పదహారు వందల ఏళ్ళ నాటి క్రైస్తవ తత్వవేత్త. ఎవరూ అడగనప్పుడు కాలమంటే ఏమిటో నాకు తెలుసు, అడిగితే చెప్పబోయి తెలియకుండా పోతుంది అన్నది ఆయనే. ఆ మాట అందరికీ తెలుసు. దాని తర్వాత ఆయన చేసిన పని మాత్రం చాలామంది చూడరు. ఒక ప్రార్థన గీతంలోని పాదం తీసుకుని అందులో లఘువులు, గురువులు కొలుస్తాడు. మనకి తెలిసిన లెక్కే, లఘువు ఒక మాత్ర, గురువు రెండు. ఇప్పుడు ఆయన అడిగింది నువ్వు పైకి పలికి చూడు. ‘రా’ అను. అది రెండు మాత్రలని ఎప్పుడు తెలిసింది? పలుకుతుండగా తెలియదు, ఇంకా పూర్తి కాలేదు. పూర్తయ్యాక కొలుద్దామంటే శబ్దం పోయింది. మరి కొలిచింది దేన్ని? మనసులో మిగిలిన ముద్రని అంటాడు. ఇలా నోటితో పలికి తేల్చుకోగల ఋజువు తత్వశాస్త్రంలో అరుదు. ఛందస్సు నేర్చుకున్నదానివి, ఇది నీ కన్నా బాగా ఎవరు రాయగలరు?

యోగసూత్రాలకు వ్యాసుడి పేర ఉన్న భాష్యంలో దీనికి చుట్టం లాంటి మాట ఒకటుంది. క్షణం వాస్తవం, కానీ రెండు క్షణాలు కలిసి ఉండవు. కాబట్టి క్షణాలని పోగు చేసి ముహూర్తం, పగలు, రాత్రి అనడం బుద్ధి చేసే పని. ఇది ‘కాలం లేదు’ అనడం కన్నా ఎంత నిక్కచ్చిగా ఉందో చూడు. దేన్ని ఉంచాడో, దేన్ని తీసేశాడో తెలుస్తోంది. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు ఇంకా ముందుకెళ్ళి, గతాన్ని ఆనుకుని వర్తమానం ఉందంటే అది గతంలోనే ఉండాలి కదా అని నిలదీస్తాడు. ఆయన గ్రంథం మూలమధ్యమక కారికల్లో కాలం మీది ఆ ప్రకరణం మొత్తం ఆరు శ్లోకాలే. నీ ప్రస్తావనలో ఆయన పేరు ఒక్కటే ఉంది. పేరు తీసెయ్, వాదన పెట్టు.

ఇక నేను ఎటువైపు అని అడిగావు. వరస ఉందని నమ్ముతాను. విశ్వానికంతా ఒకే ‘ఇప్పుడు’ లేదనీ ఒప్పుకుంటాను. కానీ ‘ఇప్పుడు’ అనేది ఉత్త భ్రమ అంటే మాత్రం నాకు నోరు రాదు. కారణం చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట నా భార్యకి పెద్ద ఆపరేషన్ జరిగింది. బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా గోడ గడియారం, ఎర్ర సెకన్ల ముల్లు. టెన్షన్‌లో దాన్నే చూస్తూ ఉన్నాను. నాలుగు గంటలు పట్టచ్చని ముందే చెప్పారు కాబట్టి, ఉదయం ఎనిమిది తర్వాత పన్నెండు అనే వరస నాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ ఏం లాభం? తలుపు తెరుచుకుని నర్సు ‘అయిపోయిందండీ, బాగానే ఉన్నారు’ అన్నప్పుడు నా నోటి నుంచి వచ్చింది ఒకే మాట, ‘అమ్మయ్య.’ 1959లో ప్రయర్ అనే న్యూజిలాండ్ తత్వవేత్త సరిగ్గా ఈ మాట మీదే వాదన కట్టాడు. ‘అమ్మయ్య, అయిపోయింది’ అంటే ‘ఫలానా తేదీన ఫలానా గంటకి అది ముగియడం మంచిదైంది’ అని అర్థం కాదు. ఆ తేదీ, ఆ గంట ముందురోజు కూడా నిజమే. ముందురోజు ఎవరూ అమ్మయ్య అనుకోరు. దీనికి అవతలివాళ్ళ దగ్గర జవాబులున్నాయి, అవి కూడా చదువు. నాకు మాత్రం ఆ తలుపు తెరుచుకోవడానికి ముందు నిమిషం, తర్వాత నిమిషం వరసలో రెండు చోట్లు మాత్రమే అంటే ఇప్పటికీ మనసొప్పదు.

చివరిగా ఒకటి. నాలుగో పేజీ అడుగున ఒక వాక్యం రాసి కొట్టేశావు. గీతల కింద నుంచి చదివాను, ఏమీ అనుకోకు. ‘అమ్మమ్మ ఉండేది అని రాయడానికి చెయ్యి రావడం లేదు, ఉంది అనే రాస్తున్నాను’ అని ఉంది. వ్యాసానికి సరిపోదని కొట్టేసి ఉంటావు. ‘ఉంది’కీ ‘ఉండేది’కీ మధ్య ఉన్నదేమిటో తేల్చడానికే మెక్‌టాగర్ట్, నాగార్జునుడు అంత తంటాలు పడ్డారు. బెస్సో ఇంటివాళ్ళకి ఐన్‌స్టైన్ రాసిన ఉత్తరం ఉండాల్సిన చోటు కూడా ఆ వాక్యం పక్కనే. గీతలు చెరిపి దాన్ని మొదటి పేజీ పైకి తీసుకురా. ‘కాలం ఒక భ్రమ’ని తీసేసి అక్కణ్ణుంచి మళ్ళీ రాయడం మొదలుపెట్టు. తొందరేం లేదు, రెండు నెలలు పట్టినా సరే. పూర్తి కాగానే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు