టెక్ సందేహాలు: డిటెక్టర్ మాట నమ్మి పిల్లాణ్ని దొంగను చేయకండి

ఈసారి ప్రశ్నలన్నీ బడి, చదువు చుట్టూనే ఉన్నాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టిన దానితో మొదలుపెడతాను.

ప్రశ్న: తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. ఎప్పుడూ అంతంతమాత్రంగా రాసే ఒక అబ్బాయి ఈసారి వ్యాసం చాలా బాగా రాసుకొచ్చాడు. అనుమానమొచ్చి ఏఐ డిటెక్టర్‌లో పెడితే 82 శాతం ఏఐ రాసిందే అని చూపించింది. సున్నా వేయాలా? తల్లిదండ్రులను పిలిపించాలా?

జవాబు: దయచేసి రెండూ చేయకండి. ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో ఎంత తేలిగ్గా ఊహించవచ్చు అన్నదే చాలా డిటెక్టర్లు ప్రధానంగా చూస్తాయి. తేలిగ్గా ఊహించగలిగితే ఏఐ రాత అనుకుంటాయి. తెలిసిన పదాలతో, చిన్న చిన్న వాక్యాలతో, తప్పు రాకుండా జాగ్రత్తపడి రాస్తే ఎవరి రాత అయినా అలాగే ఉంటుంది. ఇంగ్లిష్ రెండో భాషగా నేర్చుకునే పిల్లలు రాసేదీ అలాగే కదా! 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూశారు. సగటున సగానికి పైగా వ్యాసాలను అవి ఏఐ ఖాతాలో వేసేశాయి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా అదే ఏడాది జనవరిలో సొంత డిటెక్టర్ తెచ్చి, కచ్చితత్వం తక్కువగా ఉందని జులైలో ఆపేసింది.

చాట్‌బాట్లు రాకముందెప్పుడో నేను ఇంగ్లిష్‌లో రాసిన ఒక ఉత్తరాన్ని ఆ మధ్య ఇలాంటి డిటెక్టర్‌లో పెట్టాను. ఏఐ రాసిందని తీర్పు వచ్చింది. నిజంగా భయమేసింది. పెద్దవాణ్ని కాబట్టి నేను వాదించుకోగలను. పద్నాలుగేళ్ల పిల్లాడు క్లాసు ముందు నిలబడి ఏమని వాదిస్తాడు?

ఆ అబ్బాయిని విడిగా కూర్చోబెట్టుకుని ఒక పేరా మీద వేలు పెట్టి, ‘ఈ ఉదాహరణ ఎందుకు తీసుకున్నావు నాన్నా?’ అని మెల్లగా అడగండి. తానే రాసి ఉంటే తడుముకుంటూనైనా ఏదో ఒకటి చెబుతాడు. బెదిరిపోయి నోరు మెదపకపోతే మర్నాడు మళ్లీ అడగండి. ఇకనుంచి వ్యాసాలను గూగుల్ డాక్స్‌లో రాయించి, ఎడిట్ చేసే అనుమతితో మీకు షేర్ చేయమనండి. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఏ రోజు ఏ వాక్యం చేరిందో, ఏది కొట్టేశాడో తెలుస్తుంది. రెండు పేజీలు ఒక్కసారిగా ఊడిపడితే అడగాల్సిందే. కానీ దాన్ని కూడా రుజువు అనుకోవద్దు. వేరేచోట టైప్ చేసుకుని తెచ్చి పేస్ట్ చేసి ఉండొచ్చు. అన్నిటికంటే సులువైంది, మొదటి చిత్తుప్రతి క్లాసులోనే చేత్తో రాయించడం.

ప్రశ్న: మా స్కూలు ల్యాబ్‌లో 12 పాత కంప్యూటర్లున్నాయి. విండోస్ 10, 4 జీబీ ర్యామ్. ఆన్ అవడానికే అయిదు నిమిషాలు పడుతుంది. విండోస్ 11 ఎక్కడం లేదు. నెట్ వస్తూ పోతూ ఉంటుంది. ఇవన్నీ తీసేసి ట్యాబ్‌లు కొందామని మేనేజ్‌మెంట్ అంటోంది.

జవాబు: తొందరపడొద్దు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి దాన్ని అలాగే నెట్‌కి కలిపి ఉంచడం మాత్రం మంచిది కాదు. ఇలాంటి కంప్యూటర్లు నత్తనడక నడవడానికి చాలాసార్లు పాత హార్డ్ డిస్కే కారణం. దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) పెట్టించి, ర్యామ్ 8 జీబీకి పెంచి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేయండి. అది ఉచితమే, వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు చేసే లిబ్రేఆఫీస్ కూడా దాంతోపాటే వస్తుంది. ముందు ఒక్క కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ఏదీ చెరిపేయకుండానే సౌండ్, ప్రింటర్, వైఫై పనిచేస్తున్నాయో లేదో తేలిపోతుంది.

నెట్ సంగతికి, నెట్ లేకుండానే పాఠాలు చూపించే కొలిబ్రి అనే సాఫ్ట్‌వేర్ ఉంది. నెట్ బాగా వచ్చే చోట ఒక కంప్యూటర్‌లోకి పాఠాలు దించుకుని ల్యాబ్‌లో పెడితే, మిగతా 11 కంప్యూటర్లు లోపలి నెట్‌వర్క్‌లోనే బ్రౌజర్ ద్వారా వాటిని తెరుస్తాయి. ఖాన్ అకాడమీ వీడియోలు, అభ్యాసాలు అందులో దొరుకుతాయి. ఏ పిల్లవాడు ఏ లెక్క దగ్గర ఆగిపోయాడో టీచర్‌కి కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. వికీపీడియాను నెట్ లేకుండా చదివించాలంటే కీవిక్స్ అనే యాప్ వాడండి.

ట్యాబ్‌ల గురించి మేనేజ్‌మెంట్‌తో ఒక్క మాట చెప్పండి. పెరూ దేశం పిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. 2012లో వచ్చిన అధ్యయనంలో లెక్కల్లో గానీ భాషలో గానీ మార్కులు పెరిగిన దాఖలా కనిపించలేదు. కొనే డబ్బులో కొంతైనా టీచర్ల తర్ఫీదుకు తీసిపెట్టమనండి.

ప్రశ్న: ప్రొజెక్టర్‌లో నల్ల బ్యాక్‌గ్రౌండ్ స్లయిడ్లు వెలిసిపోయినట్టు ఉంటున్నాయి. ల్యాంప్ పోయిందా?

జవాబు: ల్యాంప్ మార్చేముందు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నల్ల అక్షరాలు పెట్టి చూడండి. నలుపును తెర మీద వేయడం ప్రొజెక్టర్ వల్ల కాదు. నలుపు ఉండాల్సిన చోట వెలుతురు పంపడం తగ్గిస్తుంది, అంతే. గదిలో వెలుతురు ఎక్కువగా ఉంటే అక్కడ కనిపించేది మీ తెర రంగే. తెరకు దగ్గరున్న లైట్లు ఆర్పి, ఎకో మోడ్ (కరెంటు ఆదాకు వెలుతురు తగ్గించే సెట్టింగ్) తీసేయండి. అప్పటికీ తెల్ల స్లయిడ్ కూడా మసగ్గా ఉంటే ఫిల్టర్ దుమ్ము చూసి, తర్వాత ల్యాంప్‌ను అనుమానించండి.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. వీడియో పాఠాలన్నీ రెట్టింపు స్పీడులో చూసేస్తుంది. అర్థమైందా అంటే అయిందంటుంది, పరీక్షలో మాత్రం రాయలేకపోతోంది. టెన్షన్‌గా ఉంది. స్పీడు పెంచకుండా లాక్ చేసే యాప్ ఏదైనా ఉందా?

జవాబు: యాప్ కోసం వెతక్కండి. అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. 2006లో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు కొందరు విద్యార్థులతో ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు, మరికొందరితో పాఠం మూయించి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే బాగా రాశారు. వారం తర్వాత చూస్తే గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వీడియో ముగియగానే మీ అమ్మాయికి అంతా వచ్చేసినట్టే ఉంటుంది మరి.

ప్రతి ఆరేడు నిమిషాలకు వీడియో ఆపి, ఫోన్ బోర్లించి, విన్నది మూడు వాక్యాల్లో రాయమనండి. కుదిరినప్పుడు మీరు పక్కన కూర్చుని ‘నాకు చెప్పు తల్లీ’ అని అడగండి. ఎక్కడ తడబడిందో ఆ ముక్క వరకు వెనక్కి జరిపి మామూలు స్పీడులో చూస్తే చాలు. మిగతాది రెట్టింపు స్పీడులోనే చూసుకోనివ్వండి.