2012 మోడల్ స్కార్పియో, 1,85,000 కిలోమీటర్లు: ఇంకో ఐదేళ్లు వస్తుందా?

మీది 2012 డీజిల్ స్కార్పియో, 1,85,000 తిరిగింది, అమ్మానాన్నల్నీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని తరచూ ఊళ్లకు వెళ్తుంటాం, ఇంకో ఐదేళ్లు ఉంచుకోవచ్చా అని అడిగారు. ఇంజిన్ మాటకొస్తే ఉంచుకోవచ్చు. కానీ బండి ఇన్నాళ్లూ ఏ ఊళ్లో తిరిగిందో మీరు రాయలేదు. నాకైతే కిలోమీటర్ల కన్నా ముందు అదే తెలియాలి.

మా ఇంట్లోనూ స్కార్పియోనే, 2010లో కొన్నాం. నాన్నగారిది ఉప్పాడ జాందానీ చీరల వ్యాపారం. కాకినాడ నుంచి ఉప్పాడకి బీచ్ రోడ్డు మీదే రాకపోకలు. ఆ రోడ్డు సంగతి మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, వాయుగుండం పట్టిందంటే కెరటాలు రాళ్లు దాటి రోడ్డు మీద పడతాయి. ఆ ఉప్పునీళ్లలోంచే బండి పోనిచ్చేవాళ్లం. ఇంటికొచ్చాక రెండు బకెట్ల నీళ్లతో పైన కడిగి తుడిస్తే తళతళలాడేది. అడుగున ఏం జరుగుతోందో ఎవరం వంగి చూడలేదు.

అదే ఏడాది అదే మోడల్ మా మామయ్య కూడా కొన్నారు. ఆయన ఉద్యోగరీత్యా అనంతపురంలో స్థిరపడ్డారు. ఆ బండి 4 లక్షల కిలోమీటర్లు దాటింది. ఒకసారి ఇంజిన్ దించి పిస్టన్ రింగులు, బేరింగులు వేయించారు. అక్కడి ఎండకి డ్యాష్‌బోర్డు నెర్రెలిచ్చింది, రబ్బరు గొట్టాలు ఎండిపోయి రెండుసార్లు మార్చారు, టైర్లు అరగకముందే పక్కన పగుళ్లొచ్చాయి. కానీ కింద దూరి చూస్తే చాసీ, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం మీద మొదటి నల్లరంగు ఇప్పటికీ కనిపిస్తుంది.

మాది 2,60,000 కిలోమీటర్ల దగ్గర, ఇంజిన్ విప్పాల్సిన అవసరమే రాలేదు. ఒకరోజు వాటర్ సర్వీసింగ్‌కి పైకి లేపినప్పుడు మా మేస్త్రి వెనక చక్రం పక్కన స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. ఇనుము అప్పడంలా పెచ్చులు పెచ్చులుగా రాలింది. డోర్ల కింది రేకుని తుప్పు లోపల్నుంచే తినేసింది. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు.

తిన్నది ఒక క్రాస్ మెంబర్‌నీ (చాసీలో అడ్డంగా ఉండే కమ్మీ), ఆ రేకునీ మాత్రమే కాబట్టి బయటపడ్డాం. కోసేసి కొత్త ముక్క వెల్డింగ్, టింకరింగ్, అడుగున తుప్పు పట్టకుండా పూత, అన్నీ కలిపి 38,000 అయ్యింది. చాసీకి పొడుగునా ఉండే రెండు మెయిన్ కమ్మీల్లో బొక్క కనిపిస్తే మాత్రం చెయ్యనని మేస్త్రి ముందే చెప్పేశాడు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి అక్కడ అతుకు వెయ్యలేను అన్నాడు. డబ్బు వదులుకునైనా ఆ మాట చెప్పినందుకు ఆయనంటే నాకు చాలా గౌరవం.

ఇలాంటి బండ్లు లారీ పద్ధతిలో కట్టినవి. కింద చాసీ, దాని మీద బాడీ. ఇంజిన్, గేర్‌బాక్సు, క్లచ్ ప్లేటు, సస్పెన్షన్ బుష్‌లు, బాల్ జాయింట్లు ఏది అరిగినా తీసి కొత్తది వేసుకోవచ్చు, ఈ మోడల్ పార్టులు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయి. చాసీ అలా కాదు. ఆర్‌సీలో ఉన్న చాసీ నంబరు కొట్టి ఉండేది దాని మీదే. అది పోతే బండి పోయినట్టే లెక్క.

ఇంజిన్ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, మీరు చెయ్యకండి. నేను బెంగళూరులో ఉద్యోగంలో ఉన్న రోజుల్లో 18,000 కిలోమీటర్ల దాకా ఆయిల్ మార్పించలేదు. ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాని బేరింగుకి ఇంజిన్ ఆయిలే ఆధారం. ఆయిల్ నల్లగా చిక్కబడితే మొదట దెబ్బతినేది అదే. పికప్ తగ్గింది, ఈల వేసినట్టు శబ్దం వచ్చింది, 22,000 ఖర్చయింది. అప్పట్నుంచి 10,000 కిలోమీటర్లకి గానీ, అంత తిరగకపోతే ఏడాదికి గానీ తప్పకుండా మారుస్తున్నాం. హైవే మీద దూరం వచ్చి ఆగినప్పుడు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి అప్పుడు ఆపుతున్నాం.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అంటే మీకు 2027తో అయిపోతుంది. గడువుకి ముందు 60 రోజుల లోపు ఫారం 25తో దరఖాస్తు చేసి, బండిని తనిఖీకి చూపిస్తే మరో 5 ఏళ్లకి ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 5,000, గ్రీన్ ట్యాక్స్ వేరే. మాది నిరుడు చేయించాం. పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగకూడదని కొందరు మిమ్మల్ని భయపెట్టి ఉంటారు. అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి వచ్చిన ఉత్తర్వు, మన రెండు రాష్ట్రాలకీ వర్తించదు.

పిల్లలున్నారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. అప్పటి చాలా వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. వెనకాల ఎదురెదురుగా కూర్చునే సీట్లుంటే, వాటికి బెల్టులు లేకపోతే, పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టకండి. మధ్య సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. మేం మా అక్క పిల్లల్ని వెనక కూర్చోనివ్వడం మానేశాం, వాళ్లు ఎంత అలిగినా సరే. బండి ఇంకో ఐదేళ్లు నడిచినా, మీ వేరియంట్‌లో ఇవేవీ లేకపోతే రాత్రిళ్లు హైవే ప్రయాణాలకి దాన్ని వాడొద్దనే నా సలహా.

ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, వెనక మనిషిని నిలబెట్టి పొగ రంగు చూడమనండి. నీలంగా వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. కాసేపయ్యాక ఐడిల్‌లోనే ఆయిల్ పోసే మూత తీయండి. పొగ గుప్పుగుప్పున తంతుంటే రింగులు అరిగాయని అర్థం, అది ఖర్చుతో కూడినదే అయినా బాగయ్యే జబ్బే. తర్వాత వాటర్ సర్వీసింగ్‌కి తీసుకెళ్లి లేపించి, కడగకముందే టార్చి పట్టుకుని మీరే కింద నిలబడండి. వెనక చక్రాల దగ్గర, స్పేర్ టైరు పైన, డోర్ల కింద స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెయిన్ కమ్మీలు ఖణేల్‌మంటే ఐదేళ్లకి నాకైతే సందేహం లేదు. ఎక్కడైనా మెత్తగా దిగితే అక్కడ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, మా మేస్త్రికి చూపించి చెప్తాను.